లావు రాడ్డూ సన్న రాడ్డూ

లావుదో సన్నదో తేల్చుకుని ఉంచండి టీచర్ గారూ, గంటలో వచ్చేస్తాను అని చెప్పి మెకానిక్ గణేష్‌బాబు రాడ్డు బిగించే బుష్‌లు చేయించుకురావడానికి లేత్ షాపుకి వెళ్లిపోయాడు. చీరల కొట్టులో కూడా మనిషిని ఇలా వదిలేసి పోరు, కనీసం ఇంకో రంగు తీసి చూపిస్తారు, ఇక్కడ తీసి చూపించడానికి ఇంకేమీ లేదు, గోనెపట్టా మీద రెండే రెండు ఇనుప రాడ్లు, ఎర్రరంగుది లావు, నల్లది సన్నం, రెండూ చివర్లలో వంపు తిరిగి ఉన్నాయి, మా కారేమో చక్రాలు ఊడదీయించుకుని స్టాండ్ల మీద నిలబడింది, స్నానానికి బట్టలు విప్పించిన చంటిపిల్లాడిలా ఉంది పాపం, దాని ముందు బల్ల మీద నేను, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు, ముక్కునిండా గ్రీజు వాసన. సోషల్ టీచర్ని, డెల్టా అంటే ఏమిటో మ్యాపులో చూపించడం తప్ప బండి కింద ఏముంటుందో నాకేం తెలుసు అనుకునేదాన్ని, ఇప్పుడు అడిగితే పాఠం చెప్పగలను, దీన్ని స్టెబిలైజర్ రాడ్డు అంటారు పిల్లలూ, బండి కింద కుడి చక్రాన్నీ ఎడమ చక్రాన్నీ కలిపి పట్టుకుంటుంది, మలుపులో బండి ఒక పక్కకి ఒరగబోతే ఇది మెలితిరిగి, ఎక్కడికమ్మా అని రెండో పక్కని కూడా లాగి మట్టంగా ఉంచుతుంది, కంపెనీవాళ్లు వేసినది సన్నగా ఉంటుంది కాబట్టి సరదా ఉన్న కుర్రాళ్లు బయట దొరికే లావుది వేయించుకుని, మలుపుల్లో స్పీడు తగ్గకుండా పోయి, కాలవలో పడతారు. నాకు స్పీడు అక్కర్లేదు. అదిగో, రోడ్డు అవతల టీకొట్టు దగ్గర చక్రాల కుర్చీలో కూర్చుని ఐస్ లారీ డ్రైవర్లతో కబుర్లాడుతున్న మా ఆయన, ప్రేమ్ కుమార్ గారు, బండిలో నా పక్కన ఒరిగిపోకుండా కూర్చోవాలి, అంతే నాకు కావలసింది.

ఆయనా అలాంటి లారీయే నడిపేవారు, భీమవరం ఐస్ ఫ్యాక్టరీ నుంచి రొయ్యల చెరువుల గట్ల మీదకి. ఐస్ దిమ్మల మీద ఊక కప్పుతూ జారి వెల్లకిలా పడ్డారు, అంత ఎత్తు నుంచి కూడా కాదు, మన ఇంటి అరుగంత ఎత్తు, వెన్నుపూస విరిగింది, రొమ్ము కింద నుంచి ఒళ్లు ఆయన మాట వినడం మానేసింది. ప్రాణం దక్కింది, చేతులు దక్కాయి, అందుకు నేను దేవుడికి చెప్పుకోని రోజు లేదు, నడుము మాత్రం దక్కలేదు. మలుపు వచ్చినప్పుడు మనం మనకి తెలియకుండానే నడుము బిగించి సర్దుకుంటాం, మనిషి నడుముకి ఇంత పని ఉందని ఆయన పడ్డాకే నాకు తెలిసింది. కుర్చీ పట్టాలని ఈ ఎత్తు బండి సెకండ్ హ్యాండులో కొన్నాం, డ్రైవింగ్ స్కూల్లో నా విద్యార్థుల వయసు పిల్లల మధ్య నిలబడి నేను నేర్చుకున్నాను, బండి ఎత్తయ్యేసరికి మలుపుల్లో ఊగుడు కూడా అంతే. సీటు బెల్టు ముందుకి పడకుండా ఆపుతుంది గానీ పక్కకి ఒరిగితే ఆపదు, దిండ్లు పెడితే దిండ్లు ముందే జారిపోయేవి. ఆయన వాళ్ల ఊరు ఉండి అనే ఊరికి అవతల, కాలవ గట్టు రోడ్డు, కాలవ ఎటు తిరిగితే రోడ్డూ అటే తిరుగుతుంది, బండి కుడికి తిరిగితే ఆయన ఎడమ తలుపుకి కొట్టుకునేవారు, ఎడమకి తిరిగితే అంత మనిషీ నా మీదకి వచ్చేసేవారు, వచ్చిన ప్రతిసారీ సారీ రూతూ అనేవారు, మలుపు మలుపుకీ సారీ, ఎందుకండీ సారీలు నేనేం పరాయిదాన్నా అంటే దానికి కూడా సారీ. పెళ్లయిన ఇన్నేళ్లలో పట్టపగలు నా భుజం మీద తల ఆనించిన మనిషి కాదు, పక్కన నడవమంటేనే నాలుగడుగులు ముందు నడిచే మనిషి, కాబట్టి ఎడమ మలుపు వస్తే నాకు లోపల్లోపల బాగానే ఉండేది, సిగ్గులేకపోతే సరి. ఆయనకి మాత్రం అది నరకం.

ఈస్టర్ నాడు అది ఇంకా ముదిరింది. దారిలో మరీ ఒరిగిపోతున్నారని మా మరిది బండి ఆపించి, భుజం మీది తువ్వాలు తీసి అన్నయ్య రొమ్ముని సీటుకి కట్టేశాడు, మంచికే కట్టాడు, వాడి మనసు వెన్న, కాని చర్చి ముందు దిగేటప్పటికి ముడి బిగుసుకుపోయింది, గోళ్లతో లాగితే రాదు, పళ్లతో లాగితే రాదు, ఎవరో కత్తెర కోసం పరిగెత్తారు, ఈలోగా జనమంతా బండి చుట్టూ చేరి అయ్యో అయ్యో అంటూ నిలబడ్డారు, ఆయన నవ్వుతూనే ఉన్నారు. ఆ తర్వాతి ఆదివారం నేను బండి తాళాలు తీస్తే రానన్నారు. కోపంగా కాదు, మామూలుగా, నన్ను మళ్లీ బస్తాలా కట్టకుండా కూర్చోబెట్టగలిగిన రోజు చెప్పు, ఆ రోజు వస్తాను అన్నారు. అంతే, ఆస్పత్రికి తప్ప గేటు దాటలేదు, ఆస్పత్రికైనా కళ్లు మూసుకుని వచ్చేవారు. ఈ ఆదివారం వాళ్ల ఊళ్లో కోతల పండుగ, పొలాల నుంచి కానుకగా తెచ్చిన గుమ్మడికాయలూ కోళ్లూ అరటి గెలలూ చర్చి ముందు పోసి వేలం వేస్తారు, ఆ వేలం పెళ్లికి ముందు నుంచీ ఆయనదే, ఒక్క నాటుకోడిని పది మంది చేత పది మాట్లు కొనిపించి మళ్లీ చర్చికే ఇప్పించగల గొంతు అది, పోయిన ఏడాది మందుల మత్తులో మంచం మీదే ఉన్నారు, వేలం చప్పగా జరిగిందని చెప్పుకున్నారు. నేను బతిమాలగా బతిమాలగా నిన్న ఒప్పుకున్నారు, ఆ రాడ్డేదో వేయించు, రేపు సాయంత్రం ఒక్కసారి ఉండి రోడ్డు మీద చూద్దాం, ఇదీ కాకపోతే మటుకు నన్నింక అడక్కు అన్నారు. కాబట్టి ఒక్కటే అవకాశం, ఈ గోనెపట్టా మీద ఉంది, లావుగానో సన్నగానో.

డబ్బు పోయినా పర్వాలేదు అనుకోవడానికి కూడా లేదు, ఇది నా డబ్బు కాదు, బియ్యం. మా చర్చి స్త్రీల సమాజంలో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతిపూటా ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు, దేవుడి పిడికెడు అది, పిల్లలు అర్ధాకలితో పడుకున్న ఇళ్లలో కూడా ఆ పిడికెడు పక్కన పడుతుంది, నెలాఖరుకి అందరూ తెచ్చి మా ఇంట్లో బస్తాల్లో పోస్తారు, సన్నబియ్యం, కోటా బియ్యం, ముక్క నూకలు, అన్నీ కలిసిపోయి ఏ గింజ ఎప్పుడుడుకుతుందో తెలియని బియ్యం. ఆయన ఒరిగిపోతున్నారని నేనొకసారి ప్రార్థన అయ్యాక ఏడిస్తే సమాజం పెద్ద క్రిస్టినా గారు, రిటైరైన నర్సు, కళ్లజోడు తీసి తుడుచుకుని, వెనక బరువు లేక ఊగుతుందే పిల్లా ఆ బండి, డిక్కీలో రెండు బస్తాలు పడెయ్ కుదురుగా పోతుంది అన్నారు. ఎద్దుబండి తోలినవాళ్ల మనవరాళ్లం అందరం, మాకు తెలిసిన బండిశాస్త్రం అదే, అందరూ అవునవునన్నారు, సమాజం బియ్యమే డిక్కీలోకి ఎక్కించారు, ఎలాగూ మీ ఇంట్లో ఉండేదే కదా బండిలో ఉంటే ఏం అని. బండి వెనక్కి కుంగి ఇంకా ఎక్కువ ఊగింది. ఇంకో బస్తా వేశారు. అప్పుడు మరీ ఊగింది, అయినా మాకెవరికీ అనుమానం రాలేదు, బస్తా చాలలేదనుకున్నాం, చివరికి గణేష్‌బాబు డిక్కీ తెరిచి చూసి నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నాడు, బరువు పెంచితే ఒరుగుడు పెరుగుతుంది గాని తగ్గుతుందా అండి అని. అతను నవ్వితే నాకూ నవ్వొచ్చింది, కాని ఇంటికి వచ్చి ఆ బస్తాలు దింపుతుంటే ఏడుపు ఆగలేదు, ఎన్ని ఇళ్ల పొయ్యిల దగ్గర నుంచి వచ్చిన బియ్యం అది, ఎంతమంది ఆడవాళ్లు వాళ్ల చేతి బియ్యంతో నా మొగుడిని నిటారుగా కూర్చోబెడదామని చూశారు. సంగతి చెబితే క్రిస్టినా గారు ఒక్క క్షణం ఆలోచించి, అయితే అది అమ్మేసి ఆ ఇనుపరాడ్డే కొనెయ్ అన్నారు, కూరలో ఉప్పు తగ్గితే వేసుకోమన్నంత మామూలుగా. ఎవరూ కాదనలేదు. థాంక్స్ చెప్పబోతే, ఊరుకో రూతూ, ఆయన గొంతుతో వేలం బాగా జరిగితే ఆ డబ్బు ఎలాగూ చర్చికే, మా బియ్యం మాకొచ్చినట్టే అన్నారు.

ఎర్రది వేయించండి కళ్లు మూసుకుని, అంటాడు గణేష్‌బాబు. బండి మలుపులో బల్ల మీద గ్లాసులా నిలబడుతుంది, ఒరగదు, గ్యారంటీ నాది. మరి నల్లదెందుకు తెచ్చావయ్యా అంటే, అది కూడా పాతదానికంటే గట్టిదేనండి, చివర్లలో రెండేసి బెజ్జాలుంటాయి, బయట బెజ్జంలో బిగిస్తే మెత్తన, లోపలి దాంట్లో బిగిస్తే కాస్త గట్టి, కాని మీ పనికి అది చాలకపోవచ్చు అన్నాడు. లావుదానితో ఇబ్బంది ఏమైనా ఉందా అని అడిగితేనే చెప్పాడు, అడక్కపోతే చెప్పేవాడు కాదు, అబద్ధం ఆడే మనిషి కాదు, లావుదాని మీద ప్రేమ అంతే. ఒక పక్క చక్రం గుంతలో పడితే ఆ దెబ్బ రెండో పక్కకి కూడా పోతుందట, రెండు చక్రాల్నీ గట్టిగా కట్టేశాం కదా మరి, బండి మొత్తం ఒక్కసారి అటూ ఇటూ విదిలిస్తుందట. నాకు అక్కడ ఆగింది మనసు. ఉండి రోడ్డు నాకు తెలుసు, చెరువులు తవ్విన మట్టి తోలే టిప్పర్లు ఎడమ అంచంతా తినేశాయి, కాలవ పక్క నున్నగా ఉంటుంది, చేల పక్క అంతా గుంతలే, ఎదురుగా బస్సు వస్తే ఆ గుంతల్లోకి దిగక తప్పదు. నడుము లేని మనిషికి మెల్లగా ఒరగడం ఒక బాధ, విదిలించి కొట్టడం ఇంకో బాధ, తల పోయి తలుపు అద్దానికి కొట్టుకుంటుంది. కాని సన్నది వేయించి, ఒక్క మలుపులో, ఒకే ఒక్క మలుపులో ఆయన ఒరిగిపోతే? మళ్లీ సారీ రూతూ అంటే? ఇంక గేటు దాటరు. ఎర్రదైతే గ్యారంటీ. చెయ్యి ఎర్రదాని మీదకే పోతోంది, చూడ్డానికే ధైర్యం ఇచ్చేలా ఉంది దరిద్రపుది.

గట్టిది మంచిదని మొదట్లో కూడా అనుకున్నాం. ఆస్పత్రి నుంచి తీసుకొచ్చినప్పుడు ఎవరో అన్నారు వెన్నుకి గట్టి పడక ఉండాలని, అంతే, చర్చి కుర్రాళ్లు పాత బల్లల టేకు చెక్క రందా పట్టి, వార్నిష్ వేసి, ఒక మంచం చేసి మోసుకొచ్చారు, ఎంత నునుపుగా చేశారో, తలవైపు చిన్న సిలువ కూడా చెక్కారు, దాని మీద పలుచటి దుప్పటి పరిచి ఆయన్ని పడుకోబెట్టి చుట్టూ నిలబడి కీర్తన పాడారు, ఆయన కళ్లమ్మట నీళ్లు. వారం తిరక్కుండా వీపు కింద పుళ్లు పడ్డాయి. ఆయనకి నొప్పి తెలియదు కదా, మాకు వాసన వచ్చేదాకా తెలియలేదు. క్రిస్టినా గారు వచ్చి చూసి, కడిగి కట్టు కట్టి, ఇంటికి వెళ్లి తన మంచం మీది బూరుగుదూది పరుపు రిక్షాలో వేసుకొచ్చారు, ఆవిడ ఆ రాత్రి దేని మీద పడుకుందో నేను ఇప్పటికీ అడగలేదు. ఆ పరుపు మీదే పుళ్లు మానాయి. టేకు మంచం చేసిన పిల్లల మీద నాకు కోపం రాలేదు, ఇప్పటికీ లేదు, ఆ మంచం మీదే మేం బట్టలు మడతపెట్టుకుంటున్నాం, వాళ్లు వస్తే చూసి సంతోషిస్తారు. కాని అప్పుడు తెలిసింది, ఒళ్లు మాట వినని మనిషికి కావలసింది బిగించిపెట్టేది కాదు, వదిలీ వదలకుండా పట్టుకునేది. ఈ మాట ఇప్పుడే అనుకున్నాను, ఈ బల్ల మీద కూర్చుని, ఎర్రదాన్ని చూస్తూ. అవునుగదా, నా చేతిలో చెయ్యి వేసి నడిపించేవాళ్లు నన్నెప్పుడైనా గుంజారా, ఆ సమాజం ఆడవాళ్లు, ఆ కుర్రాళ్లు, చివరికి ఆ ముడి వేసిన మా మరిది, అందరూ ఇచ్చింది తీసుకుని ఇంతదూరం వచ్చాను, తప్పో ఒప్పో చేతులు ఇచ్చారు, ఇవ్వనివాళ్లు ఎవరున్నారని.

ఆయన్నే అడిగేస్తే పోలా అని లేచాను మధ్యలో ఒకసారి. ఇరవై ఏళ్లు లారీ నడిపిన మనిషి, రాడ్ల సంగతి గణేష్‌బాబు కంటే బాగా తెలుసు, రోడ్డు దాటి వెళ్లి అడిగాను, టీగ్లాసు పట్టుకుని నా మొహం చూశారు. "నువ్వే చూడు రూతూ. బండి ఎలా ఒరుగుతుందో తోలేదానికి తెలుస్తుంది గాని, కళ్లు మూసుకుని కూర్చునేవాడికేం తెలుస్తుంది?" అన్నారు. డ్రైవర్లు ముగ్గురూ నావైపు తిరిగి చూశారు, ఒక డ్రైవరు నోటి నుంచి ఆ మాట ఎంతటిదో వాళ్లకి తెలుసు. ఇక్కడ ఎండ ఎక్కువగా ఉంది కుర్చీ నీడలోకి జరపనా అని ఏదో అనేసి, జరిపేసి, వచ్చేశాను. మనిషి అన్నీ పోగొట్టుకున్నాక కూడా ఇంకొకరికి ఇవ్వడానికి ఏదో ఒకటి ఉంచుకుంటాడు కాబోలు. ఆయన అది నాకిచ్చారు.

గణేష్‌బాబు రాగానే నల్లది, లోపలి బెజ్జంలో బిగించు అన్నాను. మొహం మాడ్చుకున్నాడు, ఎర్రదాన్ని ఒకసారి తడిమి చూశాడు, రేపు ఒరిగితే నన్ననకండి టీచర్ గారూ అన్నాడు, అనను బాబూ అన్నాను. చక్రాలు ఎక్కాయి, స్టాండ్లు దిగాయి, డ్రైవర్లు ముగ్గురూ రోడ్డు దాటి వచ్చి ఆయన్ని ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టారు, బెల్టు నేనే పెట్టాను, ఆయన ఎడమ చేత్తో తలుపు పైన హ్యాండిల్ పట్టుకున్నారు, వేళ్ల కణుపులు తెల్లబడేంతగా, కళ్లు మూసుకున్నారు. ప్రభువా, నీ చిత్తం, అనుకుని తాళం తిప్పాను.

టౌను దాటేదాకా దారి తిన్నగానే ఉంది, ఏమీ తెలియలేదు. కాలవ గట్టెక్కాక మొదటి కుడి మలుపు, నేను భయంతో మరీ నెమ్మదిగా తిప్పాను, దానితోనూ ఏమీ తెలియలేదు. తర్వాత ఎడమ మలుపు, పెద్దది, పంపుషెడ్డు దగ్గరది, ఈసారి మామూలు స్పీడులోనే తిప్పాను, ఊపిరి బిగబట్టి, కుడి భుజం వంచి స్టీరింగు పట్టుకుని ఎడమ భుజం ఆయన కోసం వదిలేసి ఉంచాను, అలవాటు కదా. ఆయన కదిలారు. ఒరిగారు కూడా, కొంచెం, బెల్టు దగ్గర ఆగారు, బండి మట్టానికి రాగానే ఆయనా మట్టానికి వచ్చేశారు, తనంతట తనే. నా భుజం ఖాళీగా ఉంది. ఎదురుగా కాలేజీ బస్సు, ఎడమ గుంతల్లోకి దింపక తప్పలేదు, ఒక చక్రం దబ్బున పడి లేచింది, బండి విదిలించలేదు, ఆయన తల అద్దం దాకా పోలేదు. నేను చూడకూడదనుకుంటూనే పక్కకి చూశాను. కళ్లు తెరిచి ఉన్నారు. రోడ్డు చూస్తున్నారు, కాలవ చూస్తున్నారు, అద్దంలో వెనక వచ్చే ట్రాక్టరు చూస్తున్నారు, తర్వాత చూపు మెల్లగా కిందికి దిగి నా కాళ్ల దగ్గర ఆగింది, పైన హ్యాండిల్ మీంచి చెయ్యి దానంతట అదే వచ్చేసింది, ఆ చేత్తో చూపించారు.

"ఆ కాలు తియ్యి రూతూ."

"ఏ కాలండీ?"

"క్లచ్ మీద ఆనించి పెట్టావు చూడు, ఆ కాలు. ప్లేట్లు అరిగి ఏం కావాలనుకుంటున్నావు? ఎవడు నేర్పాడు నీకు?"

తీసేశాను. నేను బండి పట్టుకున్న నాటి నుంచీ ఆయన నా డ్రైవింగ్ గురించి ఒక్క మాట అనలేదు, అంత పెద్ద డ్రైవరు, భార్య మనసు నొప్పించకూడదని మర్యాదకి ఊరుకుంటున్నారనుకున్నాను, ఎంత మంచి మనిషి అని అందరికీ చెప్పుకున్నాను కూడా, మర్యాదా కాదు ఏమీ కాదు, పాపం పట్టుకుని కూర్చోవడానికే సరిపోయింది ఆయనకి ఇన్నాళ్లూ, ఇంక దేన్నీ చూసే తీరిక లేదు. మలుపులో గేరు మారుస్తావేంటి, ముందే మార్చుకోవాలి అన్నారు. హారన్ కొట్టడానికి భయమా, అది ఉన్నది ఎందుకు అన్నారు. స్టీరింగు పట్టుకున్నావా, రోకలి పట్టుకున్నావా అన్నారు. స్కూల్లో హెడ్‌మాస్టారికైనా ఊరుకోని దాన్ని, అలాగేనండి అన్నాను, అలాగేనండి, అలాగేనండి, రోడ్డు సరిగ్గా కనపడక పైట చెంగుతో కళ్లు తుడుచుకుంటే దానికి కూడా, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టు అని కేకలేశారు. ఉండి దాకా నోరు ముయ్యకుండా తిట్టారు, ఆ వేలం గొంతుతో. స్తోత్రం తండ్రీ, స్తోత్రం అనుకుంటూ నడుపుతూనే ఉన్నాను.